అనసూయ మిస్సు స్టూలు ఆట

మందుల అట్టపెట్టె టేపు కోసిన ప్రతిసారీ ముందు ఆ ఘాటు వాసన గుప్పుమంటుంది, తర్వాత మా నాయన గుర్తుకొస్తాడు, ఆయన వెనకే అనసూయ మిస్సు వచ్చి నిలబడుతుంది. మత్తూరు బస్టాండు పక్క సందులో నేనూ మా ఆయనా ఎరువులూ పురుగుమందులూ అమ్మే చిన్న కొట్టు నడుపుతున్నాం. టమాటా రైతులు వస్తారు, మామిడి తోటలవాళ్లు వస్తారు. వాళ్లలో సగంమందికి నా మీద చిరాకు. సీసా అడిగితే సీసా ఇచ్చి పంపను. దానికి రబ్బరు బ్యాండుతో కట్టి ఉండే మడతల కాగితం విప్పి, అందులో ఉన్నది చదివి చెప్పేదాకా వదలను. తమిళం మాట్లాడేవాళ్లకు తమిళంలో, తెలుగువాళ్లకు మా ఊరి తెలుగులో. మొన్న ఒక పెద్దాయన బస్సు వెళ్లిపోతుందని గుమ్మం వైపు చూస్తూ, "ఏమమ్మా, నువ్వు మందు అమ్మతావా, పాఠం చెప్తావా?" అన్నాడు. "రెండూనప్పా" అన్నాను. "ఎవురంటిచ్చినారు నీకీ రోగం?" అని విసుక్కున్నాడు. ఆ రోగం అంటించిన మనిషి గురించే ఇదంతా రాస్తున్నాను.

తమిళనాడులో హోసూరు పక్కనున్న తళి దాటి పైకి పోతే, చలికాలంలో బాగా పొద్దెక్కినా మంచు విడవని ఒక చిన్న ఊరు మాది. మా తాత కుండలు చేసేవాడు. మా నాయన మునిరాజప్ప కాలం వచ్చేసరికి కుండలు కొనే దిక్కు లేక, ఊరి చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ కప్పులతో లేచిన గులాబీ షెడ్లలో పనికి కుదిరాడు. ఆ షెడ్లు గోపాలప్ప అనే ఆయనవి. మా అమ్మ అక్కడే పూలు కట్టలు కట్టే గదిలో పనిచేసేది. నాయన సరదా మనిషి. గులాబీ మొగ్గ తొందరపడి విచ్చుకోకుండా, గట్టిగా పెరిగేదాకా దానికి వలతో చేసిన చిన్న టోపీ తొడుగుతారు. నాయన ఒక్కో మొగ్గకు టోపీ పెడుతూ, "కదలకుండా ఉండు సామీ, పెండ్లికి పోవాల్సినోడివి" అని దాంతో మాట్లాడేవాడట. పక్క వరసలో ఆడవాళ్లు పని ఆపి మరీ వినేవాళ్లని అమ్మ నవ్వుతూ చెప్పేది.

మందు కొట్టిన రోజు మాత్రం ఆ మనిషి వేరే. ఇంటికి రాగానే చొక్కా విప్పి గుమ్మం పక్కన పడేసి, తల పట్టుకుని చాప మీద ఒరిగిపోయేవాడు. కంచం ముందు పెడితే వాంతి వచ్చి బయటికి పరుగెత్తేవాడు. అమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసి, "షెడ్డులో అందరి కండ్లూ ఈయన మిందనే" అని గొణుక్కునేది. దిష్టి సంగతి నాకు తెలియదు. బడి నుంచి రాగానే నేను గుమ్మం పక్కనున్న చొక్కా వాసన చూసేదాన్ని. మందు వాసన వచ్చిందంటే ఆ రోజు నాయన అన్నం తినడు. నా చిన్నతనంలో నాకున్న పెద్ద బెంగ అదొక్కటే, అది ఎవరికీ చెప్పుకునేది కూడా కాదు.

అనసూయ మిస్సు మా బడికి వచ్చేనాటికి నేను ఆరో తరగతి. మేం ఇళ్లలో తెలుగే మాట్లాడతాం గానీ, గడప దాటితే తెలుగు అక్షరం కనిపించదు. బస్సు బోర్డులు తమిళం, అంగడి బోర్డులు తమిళం, ఇంగ్లీషు, కాస్త ముందుకు పోతే కన్నడం. తెలుగు చదివే పిల్లలం అందరం ఒకే గదిలో పట్టేవాళ్లం. పాఠాలు గడగడా అప్పజెప్పేవాళ్లం, అందులో ఏముందని అడిగితే మొహమొహాలు చూసుకునేవాళ్లం. తల్లిదండ్రుల కమిటీవాళ్లు తలా కాస్త వేసుకుని ఈమెను పెట్టారు. ఆమెది కృష్ణా జిల్లా. భర్తకు హోసూరు ఫ్యాక్టరీలో పని దొరికితే ఆయనతో వచ్చింది. సన్నగా, పొట్టిగా, మనిషికి మించిన గొంతుతో ఉండేది. మలుపుల దారిలో వికారం రాకుండా నిమ్మకాయ ముక్క చప్పరిస్తూ బస్సు దిగేది, ఎండాకాలంలో కూడా స్వెట్టరు విప్పేది కాదు. "ఏంటర్రా, మీకు చలనేదే లేదా?" అని మొదటిరోజు ఆమె అన్నప్పుడు క్లాసంతా పకపకా నవ్వాం. మా సతీశు లేచి నిలబడి అచ్చం ఆమెలాగే "ఏంటర్రా" అన్నాడు. దెబ్బ పడుతుందనుకున్నాం. ఆమె వాడి దగ్గరికి వచ్చి, "చివర ఇంకొంచెం సాగదియ్యాలిరా. మళ్లీ అను" అంది. ఆ రోజు నుంచి వాడు ఆమె మనిషి.

ఆమె చేయించిన మొదటి పని అక్షరాల వేట. "మీ ఊళ్లో తెలుగు లేదంటున్నారుగా, ఉంది. దాక్కుంది. పట్టుకు రండి" అంది. మర్నాడు బల్లల మీద సంత పెట్టినట్టయింది. పాత క్యాలెండరు కాగితం, ఊరగాయ ప్యాకెట్టు, విత్తనాల పొట్లం, ఎవరిదో పెళ్లిపత్రిక వచ్చాయి. పది రూపాయల నోటు మీద సన్నగా తెలుగులో కూడా రాసి ఉంటుందని ఒక పిల్ల కనిపెట్టింది. సతీశు అయితే కుప్పం లారీ వెనకాల రాసి ఉన్నదాన్ని మోచేతి నుంచి మణికట్టు దాకా పెన్నుతో ఎక్కించుకుని వచ్చాడు, మిస్సు వాడి చేయి పట్టుకుని క్లాసంతా తిప్పి చదివించింది. నాకు ఎక్కడా ఏమీ దొరకలేదు. చివరికి నాయన పనిచేసే షెడ్డు వెనక, ఖాళీ మందు సీసాల పక్కన పారేసిన ఒక మడతల కాగితం తెచ్చాను. మిస్సు దాన్ని మడత మీద మడత విప్పుతూ పోతే అది రెండు బల్లలు ఆక్రమించింది. చీమలంత అక్షరాల్లో దేశంలోని భాషలన్నీ ఉన్నాయి దాని మీద. సతీశు ముందుకురికి గంభీరంగా చదవడం మొదలుపెట్టాడు. రెండు వరసలయ్యాక గాని అది కన్నడమని వాడికీ తెలియలేదు, మాకూ తెలియలేదు. మిస్సు బల్ల పట్టుకుని నవ్వింది. ఆ పక్కనే తెలుగు దొరికింది.

దొరికిన కాగితాలన్నిటితో ఆమె ఆడించినదే స్టూలు ఆట. క్లాసు మధ్యలో ఒక స్టూలు వేసేది. దాని మీద ఒకరు వినడానికి కూర్చోవాలి, ఎదురుగా ఒకరు నిలబడి చదవాలి. వినేవాళ్లకు అర్థం కాకపోయినా, విసుగు పుట్టినా మాటాపలుకూ లేకుండా లేచి తమ చోటికి వెళ్లిపోవచ్చు. చదివేవాళ్లు వాళ్లను చివరిదాకా కూర్చోబెట్టాలి. నోరు తెరిచే ముందు ప్రతి ఒక్కరినీ మిస్సు ఒకే ప్రశ్న అడిగేది: "ఎవరికి చెబుతున్నావు?" ఎదురుగా ఉన్నవాళ్ల పేరు చెప్పి, వాళ్ల మొహం చూసి మొదలుపెట్టాలి. ఆ ఆటలో మేం పడ్డ అవమానాలు ఇన్నీ అన్నీ కావు. ఊరగాయ ప్యాకెట్టు చదివినవాడి ముందు నుంచి ఒకరి తర్వాత ఒకరు లేచి వెళ్లారు. సతీశు లారీ మీది రాతనే ఏడుపు గొంతుతో చదివి, స్టూలు మీద పిల్లను కదలకుండా కూర్చోబెట్టాడు. ఒకసారి మా హెడ్మాస్టరు తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి, "ఇదేం చదువమ్మా?" అన్నాడు. "మీరూ ఒకసారి కూర్చోండి సార్, లేవాలనిపిస్తే లేవండి" అంది ఆమె. ఆయనకు హఠాత్తుగా ఆఫీసులో పని గుర్తుకొచ్చింది.

నా వంతు వచ్చినప్పుడు నా ముందు సతీశు కూర్చున్నాడు. నేను మందు కాగితం పట్టుకుని, "పిచికారీ చేయు సమయమున చేతులకు తొడుగులు, ముఖమునకు ముసుగు తప్పనిసరిగా ధరించవలెను" అని చదివాను. వాక్యం పూర్తికాకముందే వాడు లేచాడు. "వాణ్ణి వెనక్కి పిలు. కాగితం పక్కన పెట్టి, మీ ఇంట్లో మాట్లాడినట్టు చెప్పు" అంది మిస్సు. నేను వాడి మొహం చూసి మొదలుపెట్టాను. "రే సతీశూ, మందు కొట్టేటప్పుడు చేతికి గ్లౌజు ఏసుకోవాల, మూతికి గుడ్డ కట్టుకోవాల. లేకపోతే తల నొస్తాది, వాంతి వస్తాది, కండ్లు తిరగతాయి" అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆగిపోయింది నేనే. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం. అది మా ఇంటి సంగతి. అమ్మ మిరపకాయలు తిప్పినా పోనిది ఈ కాగితంలో అచ్చయి ఉంది. మిస్సు ఏమైందని అడిగింది, నేను అందరి ముందే చెప్పేశాను. మందు కొట్టినరోజు మా నాయన అన్నం తినడని పైకి చెప్పడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం ఇంటికి పరుగెత్తి, నాయనను గడప మీద కూర్చోబెట్టి, కాగితం విప్పాను. బాగా చెప్పాననే ఇప్పటికీ అనుకుంటాను. నాయన కొంతసేపు విన్నాడు, తర్వాత నవ్వాడు. "మందు కొట్టేది నువ్వు నాకు నేర్పిస్తావా పాపా? గులాబీ రేకు ఎంత నైసుగా ఉంటాది, దానికే ఏమీ కాలేదు. నా తోలుకేమైతాది?" అన్నాడు. "వాంతి వస్తా ఉండాది కదా నాయనా" అన్నాను. "అది ఎండకు. ఆ గ్లౌజులు ఏసుకుంటే మూత తిప్పేదానికి కూడా పట్టు చిక్కదు, అందరూ ఆడపిల్ల మాదిరి ఉండాడంటారు. సుమ్మనుండు, ఊరుకో" అని నా తల నిమిరి, ఆవుకు మేత వేయాలని లేచి వెళ్లిపోయాడు. మర్నాడు బడికి వెళ్లగానే మిస్సుతో, "మా నాయన లేసి పక్కకు పోయినాడు మిస్సూ" అని చెప్పి ఏడ్చాను. ఆమె నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టింది. "సతీశు లేస్తే ఏం చేశావు?" అంది. "మన మాటల్లో చెప్పినాను." "మరి నాన్న?" "మన మాటల్లోనే చెప్పినాను. ఐనా లేసినాడు." మిస్సు, "అయితే ఆయన లేచింది అర్థం కాక కాదు. అర్థమైనా కదలని మనిషికి ఎలా చెప్పాలో నాకూ తెలీదు మంజులా. ఇద్దరం వెతుకుదాం" అంది. టీచరు తనకు తెలియదని చెప్పడం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాత కూడా ఎక్కువమంది నోట వినలేదు.

అప్పుడే ఆమె మాకు పద్యాలు, అంటే మా సొంత పద్యాలు, మొదలుపెట్టింది. అంతవరకు పద్యమంటే అప్పజెప్పలేకపోతే గోడకుర్చీ వేయించేదని మాత్రమే మాకు తెలుసు. ఆమె పద్ధతి వేరు. ఇంట్లోవాళ్లు తప్ప లోకంలో ఇంకెవరూ అనని మాట ఒకటి రోజూ వెతికి పట్టుకు రమ్మనేది. షెడ్డు మోటారు చప్పుడును చేతులతో తట్టించి, ఆ తాళానికి ఆ మాటలను కూర్చమనేది. రాసింది కాగితం చూడకుండా చెప్పగలిగితేనే అది మీదని, లేకపోతే కాగితానిదేనని అనేది. సతీశు వాళ్ల అవ్వ కోడిని తిట్టే తిట్లన్నీ కలిపి ఒక పద్యం కట్టాడు. అందులో సగం మిస్సుకు అర్థం కాలేదు, అర్థమైన సగానికి చెవులు మూసుకుంది. నాకు మాత్రం వేరే పని చెప్పింది. "శనివారం అమ్మతో షెడ్డుకు వెళ్లు. మీ నాన్న చేతులు రోజంతా ఏం చేస్తాయో చూడు. ఆయన్ని తిట్టకు, బతిమాలకు, మెచ్చుకోకు. చేతులు చేసిందే రాయి" అంది. నేను వెళ్లి ఒక మూల కూర్చుని చూశాను. చూసి ఇది రాశాను:

మొగ్గకు టోపీ ఏసినాడు మా నాయన
మొలకకు గొడుగు పట్టినాడు మా నాయన
వాలిన కొమ్మకు పుల్ల కట్టినాడు
చీమల బారుకు దోవ ఇడిసినాడు
తన చేతికి మాత్రం
తొడిగేదానికి ఏమీ లేదంట
ఉత్త చేత్తో మందు కలిపి
ఉత్త కడుపుతో పండుకున్నాడు మా నాయన

మిస్సు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇంకేం ముట్టుకోకు" అని మాత్రం అంది.

గోపాలప్పను అడిగి, ఒక మధ్యాహ్నం టీ వేళకు మిస్సు మమ్మల్ని పూలు కట్టే గదికి తీసుకెళ్లింది, తల్లులకు పద్యాలు వినిపించడానికి. ఒకవైపు రాత ఉన్న తెల్లకాగితాలు బల్ల మీద పేర్చి పెట్టాం. సతీశు కోడి పద్యానికి ఆడవాళ్లు పడీపడీ నవ్వారు, మళ్లీ చెప్పమన్నారు, మళ్లీ నవ్వారు. నా వంతు వచ్చేలోపే టీ టైము అయిపోయింది. ఆ గలాటాలో మేం కాగితాలు బల్ల మీదే మరిచి వచ్చేశాం. ఆ రోజు సరుకు ఎక్కువ. కట్టలు చుట్టడానికి పెట్టుకున్న పాత పేపర్లు నిండుకున్నాయి. అక్కడున్నవాళ్లలో కొందరికి తమిళం చదవడం వచ్చు, కొందరికి ఏదీ రాదు. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ అమ్మలకు అది తమ పిల్లల తెలుగు రాత అని పోల్చుకునే వీలు లేదు. చేతికి అందిన కాగితంతో గులాబీ కట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, పెట్టెలో పెట్టేశారు. అలా మా క్లాసు పద్యాలన్నీ పూలతో పాటు హైదరాబాదు బండెక్కాయి. వాటిని చుట్టినవాళ్లలో మా అమ్మ కూడా ఉంది.

నేను మర్నాడు బడిలో పద్యం పోయిందని మూతి ముడుచుకుని కూర్చుంటే మిస్సు, "పోతే పోనీవే. నీ నోట్లో ఉందిగా" అంది. ఆ తర్వాత వారం లోపల గోపాలప్పకు హైదరాబాదు పూల వ్యాపారి ఫోన్ చేశాడు. గోపాలప్పకు చెవి కొంచెం మందం, అందుకని ఎప్పుడూ స్పీకరు పెట్టి మాట్లాడేవాడు. కట్టలు కట్టే గది మధ్యలో నిలబడి, అందరూ వింటుండగా, ఆ వ్యాపారి గొంతు నా పద్యం మొదటి నుంచి చివరిదాకా చదివింది. చదివి, "ఇదేంటి గోపాలప్పగారూ, మీ దగ్గర పనిచేసే ఆయన గురించేనా? మా షాపులో అందరం చదివాం. ఆ కట్ట పూలు అమ్మబుద్ధి కాలేదండి" అన్నాడట. గోపాలప్ప ఫోన్ జేబులో పెట్టుకుని, "ఎవురి బిడ్డ రాసింది ఇది?" అన్నాడు. అమ్మ తల దించుకుని పువ్వులు ఏరుతూ ఉండిపోయింది. ఎవరూ చెప్పకపోయినా మొగ్గలతో మాట్లాడుతూ టోపీలు పెట్టే మనిషి ఆ షెడ్డులో ఒక్కడేనని అందరికీ తెలుసు. సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ, "నాయన పనికి నీళ్లు వదిలినావు గదే" అని నా పక్కన కూలబడింది. నాయన అన్నం తినాలని రాసిన మాట వల్ల ఇంట్లో అన్నమే లేకుండా పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

మర్నాడు గోపాలప్ప బడికి వచ్చాడు. మోటారుసైకిలు చప్పుడు వినగానే నేను సతీశు వెనక్కి జరిగాను. పెద్ద మనిషి, తెల్ల పంచె, తలుపు నిండా నిలబడి, "ఏమ్మా టీచరమ్మా, పిల్లకాయలతో నా షెడ్డు గురించి రాయిస్తా ఉండావంటనే" అన్నాడు. మిస్సు భయపడిందని నాకు తెలుసు, ఆమె స్వెట్టరు కొనను వేలికి చుట్టుకుంటోంది. గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది. "మీరు ఫోన్లో విన్నారండీ. రాసిన పిల్ల ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరు ఇలా కూర్చుంటే మీకే మొదట చెబుతుంది. వినబుద్ధి కాకపోతే లేచి వెళ్లిపోవచ్చు, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు" అని స్టూలు ముందుకు జరిపింది. ఆయన దాన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు, పంచె సర్దుకుని కూర్చున్నాడు. ఆ స్టూలు కిర్రుమంది. సతీశు కూడా నవ్వలేదు. మిస్సు నా వైపు తిరిగింది. "ఎవరికి చెబుతున్నావు?" "గోపాలప్పకు" అన్నాను. ఆయన మొహంలోకి చూసి మొదలుపెట్టాను. మొగ్గ టోపీ దగ్గర ఆయన కనుబొమలు కదిలాయి. చీమల దగ్గర తల కొంచెం వంచి, బాగా వినబడే చెవిని నా వైపు తిప్పాడు. చివరి వరస చెప్పి ఆపేశాను. ఇక లేస్తాడని చూశాను. ఆయన లేవలేదు. కూర్చున్నచోటు నుంచే, "టోపీలు ఏసేది బెంగుళూరులో చూసొచ్చి నేను చెప్పిన ఐడియా. అది రాయలేదే నువ్వు" అన్నాడు. అప్పుడు సతీశు నవ్వాడు. "గ్లౌజులు, మాస్కులు రేపే హోసూరు నుంచి తెప్పిస్తా. ఏసుకునేది మాత్రం నా చేతిలో లేదు. మీ నాయన ఏసుకుంటాడా?" అని నన్నే అడిగాడు.

ఆ సాయంత్రం నాయన మామూలుకంటే ముందే ఇంటికి వచ్చాడు. చొక్కా విప్పకుండానే గడప మీద కూర్చున్నాడు. కోపంగా ఉన్నాడా అని చూశాను, తెలియలేదు. "గోపాలప్పకు చెప్పినావంట. హైదరాబాదుకు చెప్పినావంట. నాకు చెప్పలేదే" అన్నాడు. "నువ్వు లేసి పోతావని" అన్నాను. "పోను. చెప్పు" అన్నాడు. పొయ్యి దగ్గర అమ్మ గరిటె తిప్పడం ఆపింది. నేను చెప్పాను. నాయన నన్ను చూడలేదు, తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ విన్నాడు. అయిపోయాక, "చీమల్ని ఎప్పుడు చూసినావు?" అన్నాడు. "శనివారం. బకెట్టు ఎత్తబోయి, చీమలు పోయేదాకా నిలబడుకున్నావు." నాయన చాలాసేపు అక్కడే కూర్చున్నాడు, ఆవు అరుస్తున్నా లేవలేదు.

వచ్చిన గ్లౌజులు ఆయనకు పెద్దవైపోయాయి. మణికట్టు దగ్గర గులాబీ కట్టలకు వేసే రబ్బరు బ్యాండ్లు చుట్టుకుని మరీ వేసుకున్నాడు. ఆ రోజంతా వాటిని నోటికొచ్చినట్టు తిడుతూనే మందు కొట్టాడని అమ్మ చెప్పింది, సతీశు అవ్వ కూడా అన్ని తిట్లు తిట్టి ఉండదట. తోటివాళ్లు ఎగతాళి చేస్తే, "నా బిడ్డ హైదరాబాదు దాకా పరువు తీసింది, ఇంకా తీసేదానికి మిగిలిందేముంది?" అన్నాడట. ఇంటికి వచ్చి, సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని, చొక్కా మార్చుకుని కూర్చున్నాడు. నేను గోడకు ఆనుకుని ఆయన మొహమే చూస్తున్నాను. అమ్మ రాగిసంగటి, పులుసు పెట్టింది. ఒక ముద్ద తిన్నాడు. రెండోది తిన్నాడు. కంచం ఖాళీ అయ్యాక అమ్మ వైపు జరిపి, "ఇంకొంచెం ఎయ్యి మేయ్" అన్నాడు. అమ్మ పులుసు వేయబోయి కింద ఒలకబోసింది. నేను బయటికి పరుగెత్తి ఆవు మెడ పట్టుకుని ఏడ్చాను. సంతోషానికి అంత ఏడుపు వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు మిస్సు బస్సు దిగే చోటికే వెళ్లి నిలబడ్డాను. నోట్లో నిమ్మకాయ ముక్క తీయకముందే, "మా నాయన నిన్న ఇంకోతూరి ఏయించుకుని తిన్నాడు మిస్సూ" అన్నాను. ఆమె నా చేయి పట్టుకుని బడిదాకా నడిచింది. క్లాసులోకి వెళ్లి, నేను చెప్పిన మాట చెప్పినట్టే బోర్డు మీద రాసింది. రాశాక చాలాసేపు మా వైపు తిరగలేదు. తిరిగినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఏంటర్రా చూస్తున్నారు? రాసుకోండి. ఇవాళ పాఠం ఇదే" అంది.

ఆమె మా బడిలో ఎక్కువ కాలం లేదు. భర్త ఉద్యోగం మారి మళ్లీ వాళ్ల ఊరి వైపు వెళ్లిపోయారు. ఇప్పుడు మనవడికి అన్నం తినిపించడానికి కథలు చెబుతూ, వాడు మధ్యలో లేచి పారిపోతున్నాడని ఫోన్లో నాతో మొరపెట్టుకుంటుంది. "నీ ఆట నీకే తగులుకుంది మిస్సూ" అంటే నవ్వుతుంది. మా నాయన ఇప్పుడు మందు కొట్టే పనికి పోవడం లేదు, గోపాలప్ప నర్సరీలో మొక్కలు చూసుకుంటున్నాడు, ఆకలి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. నేను కవినేమీ కాలేదు. ఆ తర్వాత రాసినవి నాకే నచ్చలేదు. అనసూయ మిస్సు నాకిచ్చింది వేరే. ఏది చెప్పాలన్నా ముందు ఎదుటి మనిషి మొహం చూడటం, ఆ మనిషి ఎవరికి కావలసినవాడో తెలుసుకోవడం. అందుకే ఎంత రద్దీలో అయినా, ఎంత విసుక్కున్నా, కొట్టుకు వచ్చినవాళ్ల చేతికి సీసా ఇచ్చే ముందు నేను ఒక మాట అడుగుతాను. "ఇంట్లో నీకు అన్నం పెట్టుకోని కాచుకోనుండేది ఎవరప్పా?" అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు సిగ్గుపడతారు, ఆ రోజు బస్సుకు తొందరపడిన పెద్దాయన అయితే గుమ్మం మీది చూపు తిప్పి, "మనవరాలు" అన్నాడు. అప్పుడు ఆయనను కొట్టులోని స్టూలు మీద కూర్చోబెట్టి, కాగితం విప్పి ఆ మనవరాలి తరఫున చదివాను. ఆయన బస్సు వచ్చింది, హారను కొట్టింది, వెళ్లిపోయింది. ఆయన లేవలేదు.